బలం మందు కాదు, పరీక్ష కావాలి

మా పేటల్లో పిల్ల పాలిపోయి ఒళ్లు నొప్పులని మూలిగితే వినబడే మాట ఒకటే: "నెత్తురు తక్కువుంది, బలం మందు తాగించు." తాగిస్తాం. ఐరన్ గోలీలు మింగిస్తాం. కళ్లు పచ్చబడితే పసరు పోయిస్తాం. ఏ రాత్రో కీళ్లు పట్టేసి పిల్ల కేకలు పెడితే మధిరలో రైలెక్కి ఖమ్మం పోతాం. నెత్తురెందుకు తక్కువైందో మాత్రం ఎవరూ చెప్పరు.

సికిల్ సెల్, తలసీమియా తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బవుతాయి. ఒకరి నుంచే వస్తే మనిషి బాగానే ఉంటాడు, బిడ్డలకు అందించగలడు. ఒకరు సికిల్, ఒకరు తలసీమియా మోస్తున్నా బిడ్డకు ముప్పే. ఇందులో తల్లిని తిట్టాల్సిందేమీ లేదు.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షిస్తామన్నది. మంచిదే. భద్రాచలం అడవి పక్క కోయగూడేలకు అది ముందు చేరాల్సిందే. కానీ ఈ జబ్బు కులం సర్టిఫికెట్టు చూసి రాదు. విదర్భలో మహర్లకు, అంటే అంబేడ్కర్ పుట్టిన కులానికి, సికిల్ సెల్ ఉందని డాక్టర్లు ఏనాడో తేల్చారు. మరి మధిర మాల మాదిగ పేటల మాటేంటని మేం అడుగుతున్నాం.

వేలు గుచ్చి చేసే సాల్యుబిలిటీ పరీక్షతో సరిపెట్టొద్దు. మందునీళ్లలో నెత్తురు కలిపితే మడ్డిగా మారి వెనక గీతలు కనపడకపోతే సికిల్ ఉన్నట్టు. చవకే, నిమిషాల్లో తేలుతుంది. కానీ జబ్బు మనిషా, మోసే మనిషా అన్నది చెప్పలేదు. ఆరు నెలల్లోపు పసిబిడ్డలో తప్పిపోవచ్చు. తలసీమియా దానికి కనపడనే కనపడదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి లెక్కగట్టే హెచ్‌పిఎల్‌సి యంత్రం కావాలి. కరెంటుతో విడదీసే పద్ధతిని పౌలింగ్ అనే శాస్త్రవేత్త 1949లోనే చూపించాడు. అది పేట దాకా రావడానికి ఇంకెన్నాళ్లు?

కార్యకర్తలకు ఒక మాట. నెత్తురు ఎక్కించకముందే శాంపిల్ తీయించండి. ఎక్కించాక మూడు నెలల దాకా పరాయి నెత్తురు కలిసి ఫలితం తప్పుదారి పడుతుంది. పరీక్ష లేకుండా నెలల తరబడి ఐరన్ గోలీలు ఇస్తే ఒప్పుకోవద్దు. తలసీమియా పిల్లల్లో ఆ ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. రిపోర్టు లేకుండా ఆ సర్టిఫికెట్టు రాదు. అందుకే మధిర ఆస్పత్రిలోనే శాంపిల్ తీయాలి, రిపోర్టు పేటకు తెచ్చివ్వాలి. తరచూ నెత్తురెక్కించుకునే పిల్లల పేర్లు రాసుకోండి. ఆ కాగితం పదిమందికీ చూపొద్దు. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని తల్లులు భయపడుతున్నారు, ఆ భయం ఉత్తది కాదు.