పక్క నుంచి కదిలినా పట్టు నడుమనే

కామారెడ్డి: అరుగు మీద గీతలు గీసి పులి-మేక ఆడిన పెద్దలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కాని పిల్లవాడు చదరంగం ముందు కూర్చుంటే మాత్రం పొద్దుపోని ఆట అని కసురుకుంటారు. సింగపూర్‌లో 2024లో జరిగిన ప్రపంచ పోటీ ఈ అభిప్రాయాన్ని మార్చుకోమంటున్నది.

చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన 18 ఏళ్ల గుకేశ్, చైనాకు చెందిన ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌తో 14 ఆటలు ఆడాడు. 10 ఆటలు ముగిసేసరికి ఇద్దరివీ చెరి 5 పాయింట్లు. మిగిలిన నాలుగింటిలో గెలుపోటములు తేలినవి మూడు. ఆ మూడూ పక్క ఎత్తులతో మొదలైనవే కావడం గమనార్హం.

సాధారణంగా రాజు ముందరి బంటునో, మంత్రి ముందరి బంటునో రెండు గళ్లు తోసి బల్ల నడుమ చోటు పట్టుకుంటారు. పక్క ఎత్తులో ముందుగా గుర్రాన్నో, శకటు ముందరి బంటునో కదిపి, నడుమ గళ్లను దూరం నుంచి అదుపు చేస్తారు. మడిలో దిగకుండా గట్టు మీది నుంచే నీరు మళ్లించినట్లన్నమాట.

11వ ఆటలో గుకేశ్ గుర్రంతో మొదలుపెట్టి గెలిచాడు. 12వ ఆటలో డింగ్ శకటు ముందరి బంటుతో మొదలుపెట్టి బాకీ తీర్చుకున్నాడు. 13వ ఆట డ్రా. డిసెంబరు 12న జరిగిన చివరి ఆటలో డింగ్ గుర్రాన్ని తీశాడు. డ్రా కావలసిన ఆటలో 55వ ఎత్తున ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఒక బంటు ఎక్కువగా ఉన్న గుకేశ్ ఏనుగులను, శకటులను మార్పిడి చేసి 58 ఎత్తుల్లో ఆట ముగించాడు. 7.5-6.5 తేడాతో కిరీటం దక్కింది.

అంటే మొదటి ఎత్తు ఒక్కటే గెలిపించదు. డ్రాగా కనిపించే ఆటలోనూ గంటల తరబడి ఓపికగా కూర్చున్నవాడే గెలిచాడు.

అయితే ఆ ఓపిక వెనుక ఖర్చు ఉంది. గుకేశ్ తండ్రి డాక్టరు వృత్తిని పక్కనబెట్టి కొడుకు వెంట పోటీలకు తిరిగారు. ఎల్లారెడ్డి రైతు నాటు వదిలి అలా తిరగగలడా? వరంగల్ యువకుడు అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగు సాధించాడు. తెలంగాణ జిల్లాల్లో తెలివికి కొదవ లేదనడానికి ఇదే సాక్ష్యం. ఊరి బడిలో ఒక బల్ల, ఒక గడియారం, ఎత్తులు రాసుకునే నోటుబుక్కు, వారానికొక పూట నేర్పే మాస్టారు ఉంటే మన పిల్లల మొదటి ఎత్తు పడినట్లే.