గ్రాంటు గడువు ముగిసినా నిఘా నిలిచేనా?

తణుకు: రెండున్నర కోట్ల డాలర్లు. మహమ్మారులను ముందుగా పసిగట్టేందుకు భారతదేశ పశు ఆరోగ్య రంగానికి అంతర్జాతీయ మహమ్మారి నిధి నుండి మంజూరైన గ్రాంటు ఇది. ఈ పథకాన్ని 2024 అక్టోబరులో కేంద్ర పశుసంవర్ధక శాఖ ఢిల్లీలో లాంఛనంగా ప్రారంభించింది. ఆ తరువాత నాలుగు నెలలు తిరగక ముందే గోదావరి జిల్లాల కోళ్లఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఢిల్లీలో ప్రకటించిన గ్రాంటుకూ, పల్లెలోని కోళ్లఫారానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ నెల స్పష్టంగా తెలిసివచ్చింది.

నిధి పుట్టుక

కోవిడ్ నేర్పిన గుణపాఠంతో 2022లో జీ-20 దేశాల చొరవతో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో ఈ నిధి ఏర్పడింది. భారతదేశం కూడా దీనికి కోటి డాలర్ల విరాళం ప్రకటించింది. అనగా మనం ఒకవైపు దాతలం, మరొకవైపు గ్రహీతలం. తొలి విడత గ్రాంట్ల కోసం వివిధ దేశాల నుండి 250 కోట్ల డాలర్లకు పైగా అభ్యర్థనలు రాగా, 2023 జులైలో మంజూరైనది సుమారు 34 కోట్ల డాలర్లు మాత్రమే. వర్ధమాన దేశాల అవసరానికీ, సంపన్న దేశాల ఔదార్యానికీ మధ్య అంతరాన్ని ఈ రెండు అంకెలే చెబుతున్నవి.

మన దేశానికి వచ్చిన సొమ్ము ఆసియా అభివృద్ధి బ్యాంకు, ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థల ద్వారా ఖర్చు కావలసి ఉన్నది. వ్యాధి నిఘా, ప్రయోగశాలల ఆధునికీకరణ, సమాచార వ్యవస్థల అనుసంధానం, సిబ్బంది నైపుణ్యం ఇందులోని ముఖ్యాంశాలు. వినియోగానికి 2026 ఆగస్టును గడువుగా నిర్ణయించారు.

2024 నాటి మారకపు విలువ ప్రకారం ఈ మొత్తం రూ.210 కోట్లకు దగ్గరగా ఉంటుంది. దేశంలోని దాదాపు 780 జిల్లాలకు సమానంగా పంచినచో జిల్లాకు రూ.27 లక్షలు కూడా రావు. కనుక ఈ గ్రాంటుతోనే జిల్లాలు సురక్షితమవుతాయని భావించడం అత్యాశే. ఇది విత్తనం వంటిది. నీరు పెట్టవలసినది మన బడ్జెట్లే.

గోదావరి చెప్పిన పాఠం

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 10.78 కోట్ల కోళ్లు ఉన్నవి. తమిళనాడు తరువాత స్థానం మనదే. అటువంటి రాష్ట్రంలో 2025 ఆరంభంలో ఫారాలలో కోళ్లు కుప్పలుగా చనిపోసాగినవి. ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పుగోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం నుండి వెళ్లిన నమూనాలలో వైరస్ ఉన్నట్లు భోపాల్‌లోని అత్యున్నత భద్రతా పశువ్యాధుల సంస్థ నిర్ధారించిన పిమ్మట అధికార యంత్రాంగం పూర్తిస్థాయిలో కదిలింది. ఫారం చుట్టూ కిలోమీటరు వరకు వ్యాధిగ్రస్త ప్రాంతంగానూ, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగానూ ప్రకటించారు.

మరుసటి నెలలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి మంగళగిరి ఎయిమ్స్‌లో చికిత్స పొందుతూ కన్నుమూసింది. కారణం హెచ్5ఎన్1 వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. కోళ్ల నమూనా భోపాల్‌కు, మనిషి నమూనా పుణెకు. రెండు శాఖలు, రెండు దారులు. పశువైద్యుని వద్ద ఉన్న సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి అదే రోజు చేరే ఏర్పాటు ఉన్నప్పుడే 'ఏకీకృత ఆరోగ్యం' అన్న మాటకు అర్థం.

2020 డిసెంబరులో ఏలూరును వణికించిన అంతుచిక్కని వ్యాధి సమయంలోనూ ఇదే అనుభవం. ఫిట్స్‌తో పడిపోయిన వందలాది మంది కారణం తెలియక తల్లడిల్లారు. రక్త నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లిన పిమ్మటనే సీసం, నికెల్ సంగతి బయటికి వచ్చింది. మరొకవైపు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపింది.

రైతు ఎందుకు చెప్పాలి?

నిఘా వ్యవస్థకు మొదటి కన్ను రైతే. ఫారంలో కోళ్లు చనిపోతున్నవని చెప్పినచో పది కిలోమీటర్ల మేర అమ్మకాలు స్తంభిస్తాయి. ఇరుగుపొరుగు రైతులకు శత్రువు కావలసి వస్తుంది. పరిహారం అధికారులు చంపించిన కోళ్లకే లభిస్తుంది. అప్పటికే చనిపోయిన వాటికీ, ఖాళీగా పడి ఉన్న షెడ్డుకూ, బ్యాంకు వడ్డీకీ ఏదీ రాదు. త్వరగా చెప్పిన వారికే మేలన్నది ఈ నిబంధన ఉద్దేశం. అయితే చెల్లింపు ఆలస్యమైనచో ఆ ఉద్దేశమే తలకిందులవుతుంది. మౌనమే లాభమని రైతు అనుకుంటే కోట్ల రూపాయల ప్రయోగశాలకు నమూనాయే చేరదు. అందువలన సత్వర పరిహారాన్ని కేవలం సంక్షేమంగా కాక ఆరోగ్య భద్రతలో భాగంగా చూడవలసి ఉన్నది.

పాత పథకం అనుభవం

2004లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమగ్ర వ్యాధి నిఘా పథకం మొదలైనది. ఆరోగ్య కార్యకర్త, వైద్యుడు, ప్రయోగశాల వేర్వేరు ఫారాలలో వారం వారం నివేదికలు పంపే పద్ధతి దానితోనే జిల్లాలకు వచ్చింది. 2012లో ఆ సాయం ముగిసినా కేంద్రం స్వంత నిధులతో కొనసాగించింది. 2021 నుండి సమాచారం ఆన్‌లైన్‌లో నమోదవుతున్నది. విదేశీ సాయంతో మొదలైన పని స్వదేశీ బడ్జెట్‌తో నిలబడగలదనడానికి ఇదే నిదర్శనం. లోపం మరొకచోట ఉన్నది. వ్యాధి విశ్లేషకులు, డేటా సిబ్బంది వంటి కీలక ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలోనే సాగినవి. అనుభవం వచ్చిన మనిషి వెళ్లిపోతే యంత్రం మిగులుతుంది, నిఘా మిగలదు.

స్వదేశీ నిధులు తక్కువేమీ కావు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి ఐదేళ్లకు రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. 2021లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల పథకానికి రూ.64,180 కోట్లు నిర్ణయించగా, ప్రతి జిల్లాలోనూ సమీకృత ప్రజారోగ్య ప్రయోగశాల దాని లక్ష్యాలలో ఒకటి. వీటితో పోల్చినచో రూ.210 కోట్ల గ్రాంటు చిన్నదే. అయినా వైద్య ఆరోగ్య, పశుసంవర్ధక శాఖలను ఒకే తాటిపైకి తేగలిగితే దాని విలువ అంకెను మించి ఉంటుంది.

విదేశీ సాయంపై ఆశ పెట్టుకోరాదనడానికి 2025 జనవరి మరొక హెచ్చరిక. అమెరికా ఒక్క ఉత్తర్వుతో విదేశీ సాయాన్ని నిలిపివేయగా అనేక పేద దేశాలలో వ్యాధి నిఘా, చికిత్స కార్యక్రమాలు రాత్రికి రాత్రే ఆగిపోయినవి.

చేయవలసినది

గ్రాంటుతో కొన్న పరికరాల నిర్వహణకు, రసాయనాలకు, సిబ్బంది జీతాలకు రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి. జిల్లాలో పశువైద్య, వైద్య అధికారులు వారానికొకసారి ఒకే బల్ల వద్ద కూర్చొని నమోదైన వివరాలను సరిచూసుకోవాలి. గ్రామ సచివాలయాలలోని పశుసంవర్ధక సహాయకుడు, ఏఎన్ఎం ఒకరి ఫోను నంబరు మరొకరికి తెలిసి ఉండాలి. పరిహారం చెల్లింపునకు గడువు విధించాలి. వీటిలో చాలా వాటికి డాలర్లు అవసరం లేదు. రాబోయే శీతాకాలంలో వలస పక్షులు కొల్లేరుకు మరల వస్తాయి. అంతకు ముందే ఈ ఏర్పాట్లు జరిగినవా లేదా అన్నదే జిల్లా యంత్రాంగానికి అసలు పరీక్ష.