పెళ్లి హ్యాష్‌ట్యాగ్

"మేడం, మా పెళ్లికో హ్యాష్‌ట్యాగ్ రాసివ్వండి" అంది నా పాత విద్యార్థిని. కులాంతరం. అబ్బాయి మాదిగ.

రెండు పేర్లు ఖాళీ లేకుండా అతికిస్తే చాలు, ఫోటోలన్నీ ఒకచోట చేరతాయి. రెడ్డి, చౌదరి తోకలున్నవాళ్లకి అదో ఊరేగింపు. మనకో? ఎవరు ఎవర్ని చేసుకున్నారో వెతికినవాడికల్లా దొరుకుతుంది. మిర్యాలగూడ ప్రణయ్, అమృతల వీడియో ఎంతమంది చూశారు! 2018 సెప్టెంబర్ 14న గర్భిణి భార్య కళ్లముందే అతన్ని నరికారు. తర్వాత మనం నడిపింది 'జస్టిస్ ఫర్ ప్రణయ్'.

"ఫోటోలు పెట్టకపోతే సరి" అనే పెద్దమనుషులారా, ఆ బుద్ధులేవో కత్తి పట్టినవాడికి చెప్పండి. కులానికి అసలు మందు కులాంతర వివాహమేనని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. చాటుగా చేసుకోమనలేదు.

హ్యాష్‌ట్యాగ్ రాసిచ్చాను. దాంతోపాటు పోలీస్ స్టేషన్‌కి రక్షణ అర్జీ కూడా. శక్తివాహిని కేసులో 2018 మార్చి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానికి జతచేశాం.