ఓవర్‌క్లాక్ చేసే ముందు రూమ్ వేడి చూసుకోండి

హాస్టల్లో ఎవరైనా కొత్త పీసీ బిల్డ్ చేస్తున్నారంటే చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మామా, ఎంత వరకు ఓవర్‌క్లాక్ అవుతుంది?" ఐదు గిగాహెర్ట్జ్ అంటే గౌరవం, ఐదున్నర అంటే ఇంకా గౌరవం. నన్నడిగితే అది రెండో ప్రశ్న కావాలి. మొదటిది ఇదీ: "మే నెల మధ్యాహ్నం రెండింటికి నీ రూమ్‌లో ఎన్ని డిగ్రీలుంటుంది?" ఏ కూలర్ కొనాలి, ఏ మదర్‌బోర్డ్ కొనాలి, అసలు ఓవర్‌క్లాక్ చెయ్యాలా వద్దా, ఈ మూడింటికీ జవాబు ఆ అంకె దగ్గరే మొదలవుతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రాసెసర్‌ని కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. 1998లో ఇంటెల్ నుంచి సెలెరాన్ 300ఏ అని ఒక చవక చిప్ వచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. బస్ స్పీడ్‌ని 66 నుంచి 100కి మారిస్తే చాలా చిప్‌లు 450 దగ్గర హాయిగా నడిచేవి. అంటే ఒకటిన్నర రెట్ల వేగం, పైసా ఖర్చు లేకుండా. మనం పుట్టకముందు సంగతి ఇది. ఓవర్‌క్లాకింగ్‌కి ఇప్పటికీ ఉన్న మోజు చాలావరకు ఆ రోజుల నుంచి వచ్చిందే. ఇప్పుడు అలా లేదు. టర్బో అనీ బూస్ట్ అనీ పేరు పెట్టి, చిప్‌లో ఉన్న వేగాన్ని కంపెనీలే దాదాపు చివరి చుక్క వరకు పిండి అమ్ముతున్నాయి. మన వంతుకి మిగిలేది ఐదు శాతమో, పది శాతమో. ఆ కాస్త కోసం ఎంత వేడి భరించాలన్నదే అసలు లెక్క.

లెక్క కష్టమేం కాదు. చిప్ తాగే పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, కానీ వోల్టేజ్‌తో మాత్రం స్క్వేర్‌లో పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచక తప్పదు. ఇంటెల్ ఐ5 12600కే తీసుకుందాం. కంపెనీ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ 150 వాట్లు, ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు. పెద్ద కోర్లన్నీ 1.20 వోల్టులతో 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తున్నాయనుకోండి. 5.0కి తీసుకెళ్లడానికి 1.30 వోల్టులు కావాల్సొచ్చిందనుకోండి. వేగం పెరిగింది 11 శాతం. వేడి? 1.30ని 1.20తో భాగించి స్క్వేర్ చేసి, దాన్ని 5.0 బై 4.5తో గుణిస్తే సుమారు 1.30 వస్తుంది. అంటే 30 శాతం ఎక్కువ వేడి. 150 వాట్లు కాస్తా 195 అవుతాయి.

ఇప్పుడు రూమ్ సంగతి. మనం చూసే రివ్యూ వీడియోలు ఎక్కువగా చల్లటి దేశాల్లోనో, ఏసీ గదుల్లోనో తీసినవి. అక్కడ గది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. రెంటచింతల, రామగుండం పేర్లు ప్రతి వేసవిలో టీవీలో ఎందుకొస్తాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్లాబ్ కింద ఉండే పై అంతస్తు రూమ్‌లో, ఏసీ లేకుండా, 38 డిగ్రీలు అనుకోవడం అతిశయోక్తి కాదు.

ఒక కూలర్ 150 వాట్ల దగ్గర చిప్‌ని గది కంటే 50 డిగ్రీలు పైన ఉంచగలదనుకుందాం. రివ్యూ చేసేవాడి గది 22 అయితే అతనికి 72 కనిపిస్తుంది. మనకి 88. ఓవర్‌క్లాక్ చేస్తే వేడి 30 శాతం పెరుగుతుంది కాబట్టి ఆ 50 కాస్తా 65 అవుతుంది. అతనికి 87, "పర్లేదు, సేఫ్" అని వీడియో ముగిస్తాడు. మనకి 103. అంటే హద్దు దాటాం, చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అదే చిప్, అదే కూలర్, అదే సెట్టింగ్. మారింది ఊరు మాత్రమే. పైగా ఈ లెక్కలో క్యాబినెట్ లోపలి గాలి గది గాలి కంటే వేడిగా ఉంటుందన్నది ఇంకా కలపలేదు.

అందుకే రివ్యూలో చిప్ ఉష్ణోగ్రత ఒక్కటే చూడొద్దు. గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నది చూడండి, దానికి మీ రూమ్ అంకె కలుపుకోండి. పద్ధతి తెలిసిన రివ్యూలన్నీ ఆ తేడా ఇస్తాయి. ఇవ్వని రివ్యూ మనకి సగమే పనికొస్తుంది.

"వాటర్ కూలింగ్ పెట్టేస్తే అయిపోతుంది కదా" అంటారు చాలామంది. ఈ మాట వెనక మన ఇళ్లలో ఉండే కూలర్ గుర్తొచ్చి తప్పుదారి పట్టిస్తోందని నా అనుమానం. ఇంట్లో కూలర్ గడ్డి ప్యాడ్ల మీద నీళ్లు ఆవిరి చేసి గాలిని నిజంగానే చల్లబరుస్తుంది. పీసీలో లిక్విడ్ కూలర్ అలా కాదు. అందులో నీళ్లు వేడిని చిప్ దగ్గర ఎక్కించుకుని రేడియేటర్ దగ్గర దింపే ఆటో లాంటివి. రేడియేటర్‌ని చల్లబరిచేది మళ్లీ మన 38 డిగ్రీల గాలే. కాబట్టి ఎంత ఖరీదైన లిక్విడ్ కూలరైనా గది వేడి కంటే కిందికి తీసుకెళ్లలేదు. 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉంటే ఆ తేడా తగ్గుతుంది, నిజమే. కానీ దాంట్లో పంప్ ఒకటుంటుంది, అది ఆగితే మొత్తం ఆగిపోతుంది. పెద్ద టవర్ ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది కొన్ని వందల్లో దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ ఉంటే మనమే మార్చుకోవచ్చు. ఐ5, రైజెన్ 5 స్థాయి చిప్‌లకి మంచి టవర్ కూలర్, ముందు నుంచి గాలి వచ్చే జాలీ క్యాబినెట్, ఇవి చాలని నా నమ్మకం. ఇంకో మాట, రూమ్‌లో ఇంటి కూలర్ వాడేవాళ్లు దాన్ని క్యాబినెట్ వైపు తిప్పి పెట్టకండి. ఆ తేమ గాలి బోర్డుకి మంచిది కాదు.

ఇక మదర్‌బోర్డ్. మనవాళ్లు దీన్ని ఆఖర్న, మిగిలిన డబ్బుతో కొంటారు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ముందు చిప్‌సెట్ చూడాలి. ఇంటెల్‌లో కే అక్షరం ఉన్న ప్రాసెసర్ వేగం మార్చాలంటే జెడ్ 690, జెడ్ 790 లాంటి జెడ్ బోర్డులే కావాలి. కే ప్రాసెసర్ కొని బీ 660 బోర్డులో పెడితే ఆ అక్షరానికి పెట్టిన డబ్బు చాలావరకు వృథా. ఏఎండీ ఈ విషయంలో కాస్త నయం. బీ 550, బీ 650 బోర్డుల్లో కూడా ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు. కానీ ఏ 520, ఏ 620లో కుదరదు. రైజెన్ 7 5800ఎక్స్3డీ లాంటి కొన్ని చిప్‌లు ఏ బోర్డులో పెట్టినా లాక్ చేసే ఉంటాయి.

తర్వాత చూడాల్సింది వీఆర్‌ఎం, అంటే పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావాల్సిన ఒకటింపావు వోల్టులకి దించే భాగం. పైన వేసిన 195 వాట్లని 1.30 వోల్టులతో భాగించండి. 150 ఆంపియర్లు! మన రూమ్‌లో సీలింగ్ ఫ్యాన్ తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు. అంత కరెంట్ చేతివేళ్లంత చోటులో ఉన్న మాస్‌ఫెట్‌ల గుండా పోవాలి. వీఆర్‌ఎం 90 శాతం ఎఫిషియెన్సీతో పనిచేసినా 20 వాట్లకు పైగా అక్కడే వేడిగా మిగిలిపోతుంది. ల్యాబ్‌లో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ గుర్తు తెచ్చుకోండి. దాదాపు అంత వేడి, రోజంతా, మీ బోర్డ్ మీద.

అందుకే ఫేజ్‌ల సంఖ్య ఒక్కటే చూసి మోసపోకండి. ఒక్కో ఫేజ్ ఎన్ని ఆంపియర్లు మోయగలదు, దాని మీద అసలైన హీట్‌సింక్ ఉందా లేక మెరిసే ప్లాస్టిక్ మూతా అన్నది చూడండి. చాలామందికి తట్టని విషయం ఇంకొకటుంది. మామూలు స్టాక్ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది కాబట్టి వీఆర్‌ఎంకి కూడా కాస్త గాలి తగులుతుంది. లిక్విడ్ కూలర్ పెడితే ఆ గాలి పోతుంది. ప్రాసెసర్ చల్లగా, దాని పక్కనే వీఆర్‌ఎం కాలుతూ ఉండొచ్చు. కూలర్, బోర్డ్ రెండూ కలిపి ఎంచుకోవాలనడానికి కారణం ఇదే.

బోర్డ్ కంపెనీ బయోస్ అప్‌డేట్‌లు సరిగ్గా ఇస్తుందా లేదా అన్నది కూడా భద్రతలో భాగమే. 2023లో రైజెన్ 7000 సిరీస్ ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక, ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 దగ్గర కట్టేస్తూ కొత్త బయోస్‌లు వచ్చాయి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు ఎక్కువ వోల్టేజ్ వల్ల దెబ్బతింటున్నాయని తేలాక మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించారు. ఓవర్‌క్లాక్ చెయ్యనివాళ్లకే ఇంత జరిగింది. వోల్టేజ్ మీటని స్వయంగా జరిపే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

"చిప్ వేడెక్కితే తనే స్లో అవుతుంది, కాలిపోదు, భయమెందుకు?" అని ఒక వాదన ఉంది. అందులో నిజం ఉంది. కానీ కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లం మనం. నా దృష్టిలో సేఫ్ అంటే కాలకపోవడం మాత్రమే కాదు, లెక్క తప్పకపోవడం. వోల్టేజ్ కొద్దిగా చాలకపోతే చిప్ కాలదు, బ్లూ స్క్రీన్ కూడా రాకపోవచ్చు. ఎక్కడో ఒక బిట్ తారుమారవుతుంది. రాత్రంతా నడిపిన మోడల్ ట్రైనింగ్‌లో ఒక అంకె చెడుతుంది, జిప్ ఫైల్ విప్పుకోదు, కంపైలర్ కారణం లేకుండా క్రాష్ అవుతుంది. మనం కోడ్‌లో బగ్ వెతుక్కుంటూ కూర్చుంటాం. గేమ్‌లో నాలుగు ఫ్రేమ్‌లు పెరగడానికి ఫైనల్ ప్రాజెక్ట్‌ని పణం పెట్టడం నాకైతే నచ్చదు.

అందుకే టెస్టింగ్ కూడా మన ఎండలోనే జరగాలి. ప్రైమ్95 లాంటి బరువైన లోడ్‌ని డిసెంబర్ రాత్రి పది నిమిషాలు నడిపి "స్టేబుల్" అనడం, ఖాళీ బస్సు ఘాట్ రోడ్డు ఎక్కిందని సంబరపడటం లాంటిది. ఎండ ముదిరిన మధ్యాహ్నం, ఫ్యాన్ మాత్రమే తిరుగుతుండగా, గంటల తరబడి నడపండి. సీపీయూ ఉష్ణోగ్రతతో పాటు వీఆర్‌ఎం ఉష్ణోగ్రత కూడా చూడండి. యూపీఎస్‌ని మర్చిపోకండి. మన దగ్గర ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లే. పెరిగిన 45 వాట్లు, గ్రాఫిక్స్ కార్డ్ కలిస్తే కరెంట్ పోయిన క్షణమే పీసీ కూడా ఆగిపోవచ్చు.

మరి ఇదంతా మానెయ్యాలా? నేనలా అనట్లేదు. వోల్టేజ్, వేడి, కరెంట్ గురించి పుస్తకంలో చదివింది కళ్ల ముందు జరగడం చూడాలంటే ఇంతకంటే మంచి ల్యాబ్ లేదు. కాకపోతే మీటని రెండో వైపుకి కూడా జరిపి చూడమంటాను. అదే 4.5 గిగాహెర్ట్జ్‌ని 1.12 వోల్టుల దగ్గర నడిపించగలిగితే వేడి 13 శాతం తగ్గుతుంది. 38 డిగ్రీల రూమ్‌లో 88 ఉండాల్సింది 82 లోపే ఉంటుంది. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. ఏఎండీ కర్వ్ ఆప్టిమైజర్ చేసేది కూడా ఇదే. దీనికీ టెస్టింగ్ తప్పదు, కానీ కూలర్ మీదా వీఆర్‌ఎం మీదా భారం పెరగదు, తగ్గుతుంది. మన వాతావరణానికి ఇదే సరైన ట్యూనింగ్ అని నా అభిప్రాయం.

మనలో ఎక్కువమందికి పీసీ డబ్బు నాన్న జీతంలోంచో, అమ్మ దాచిన చీటీలోంచో వస్తుంది. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టం కంపెనీ వారంటీ కిందకి రాదు. కాబట్టి బడ్జెట్ వేసుకునేటప్పుడు ఒక మెట్టు తక్కువ ప్రాసెసర్, ఒక మెట్టు ఎక్కువ బోర్డ్, దానికి తగ్గ కూలర్ తీసుకోండి. ఆ తర్వాత వందో రెండొందలో పెట్టి ఒక రూమ్ థర్మామీటర్ కొనండి. పార్ట్‌ల లిస్ట్‌లో ఎవరూ రాయని వస్తువు అది. ఓవర్‌క్లాక్ చెయ్యొచ్చో లేదో ముందుగా చెప్పేది మాత్రం అదే.