చేతిలోని యంత్రము – కంటిలోని వ్యాధి

మధుమేహము దేహమును క్షీణింపజేయునని యెల్లరు నెఱుంగుదురు. అది చూపును సైతము హరించునని యెఱింగినవారు తక్కువ. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధన ననుసరించి మన దేశమున మధుమేహపీడితులు 10 కోట్లకు మించియున్నారు.

వారిలో ననేకుల చేతులలో నేడు సెల్‌ఫోను కలదు. చక్కెర లెక్క వ్రాసికొనుటకును, మందువేళను జ్ఞాపకము చేయుటకును, ఆహారనియమమును దెలుపుటకును అందులో యాప్‌లు వెలసినవి. వానిని మేము నిరసింపము. రక్తమందలి చక్కెరను అదుపులో నుంచుకొన్నచో నేత్రహాని తగ్గునని 1993లో అమెరికాలోను, 1998లో బ్రిటనులోను ప్రకటితమైన పరిశోధనలు నిరూపించినవి. నిత్యనియమమునకు దోడ్పడు సాధన మేదైనను స్వాగతార్హమే.

కాని యొక భ్రమను దొలగింపవలసియున్నది. ఈ వ్యాధి దొంగవలె వచ్చును. కంటి లోపొరయగు రెటీనాలోని సన్నని రక్తనాళములు చెడి స్రవించుచున్నను, తొలిదశలో నొప్పి యుండదు, చూపు మందగింపదు. రోగి పత్రిక చదువుచునే యుండును. పొలము లెక్కలు చూచుచునే యుండును. చూపు తగ్గినదని తెలియునాటికి వ్యాధి ముదిరియుండును. లేజరు చికిత్సయు, కంటిలోనికిచ్చు ఇంజెక్షనులును ఉన్న చూపును గాపాడుటకు సమర్థములే. పోయిన చూపు పూర్తిగా మరలివచ్చుట యరుదు. ఫోనుతెరపై నక్షరములు కనబడుచున్నవి గావున కన్ను క్షేమమని యెంచుట యాత్మవంచన. చక్కెర లెక్క వ్రాసికొను యాప్ కంటి లోపలిని జూడజాలదు. వైద్యుడు మందు వేసి కనుపాపను విప్పారజేసి చూడవలయును; లేదా తగిన కెమెరాతో రెటీనా ఛాయాచిత్రము దీయవలయును.

అట్టి చిత్రమును బరిశీలించి, వైద్యునితో బనిలేకయే వ్యాధిని గుర్తించు కృత్రిమమేధా సాధనమునకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యనుమతి నొసగినది. విద్య సిద్ధముగా నున్నది; అది పల్లెకు జేరవలయును. కెమెరా పట్టణమున, రోగి పల్లెలో నుండగా, "కంటి పరీక్ష చేయించుకొనుము" అను హెచ్చరిక యెవరికి బ్రయోజనము? ఆ హెచ్చరికయు నాంగ్లములోనే యున్నచో, ఆ భాష నెఱుగని వృద్ధురాలికి అది యున్నను లేనట్లే. ప్రతి ప్రాథమికారోగ్య కేంద్రమునను రెటీనా కెమెరాను, ప్రతి యాప్‌లోను తెనుగు పలుకును గల్పించుట ప్రభుత్వముయొక్క విధి.

ప్రభుత్వము మేల్కొనువఱకు మనము వేచియుండరాదు. పెద్దవయసున మధుమేహము బయటపడిన వెంటనే యొకమాఱును, పిదప వైద్యుడు వేఱుగా జెప్పిననే తప్ప ఏటేటను, కన్నులు చూపించుకొనవలయును. కోతకు దినము నిర్ణయించుకొను మనము కంటి పరీక్షకు దినము నిర్ణయించుకొనలేమా? పాఠకులు తమ యింట మధుమేహమున్నవారిని నేడే యడిగి చూతురుగాక: కడపటిమాఱు కన్ను చూపించుకొన్న దెన్నడు?