నాలుగో బోల్టు



పోయిన నెల మా మనవడికి కొత్త సైకిలు కొన్నారు. లావుపాటి టైర్లు, గేర్లు, హాండిలు మీద గంట, అన్నీ ఉన్నాయి. వాడు మొదటి రోజు దాని మీద బడికి వెళ్ళి వచ్చి, వీపు మీది సంచీ దించుతూ, "తాతయ్యా, చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. భుజాలు లాగేస్తున్నాయి," అన్నాడు.

సంచీని తూచి చూశాం. 7 కిలోలు! వాడి బరువే 38 కిలోలు. సంచీ బరువు పిల్లవాడి బరువులో పదోవంతుకు మించకూడదని 2020లో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన బడిసంచీ విధానం చెబుతున్నది. ఆ లెక్కన వాడు మోయవలసింది 4 కిలోల లోపే.

"ఆ సంచీని సైకిలు చేత మోయించరాదుట్రా? కేరియరు ఏదీ?" అన్నాను.

"ఈ సైకిళ్ళకు కేరియరు రాదు తాతయ్యా. విడిగా కొని బిగించుకోవాలి," అన్నాడు వాడు.

మా చిన్నతనంలో సైకిలంటే కేరియరు ఉన్నట్టే లెక్క. పాలక్యాన్లూ, గడ్డిమోపులూ, బియ్యపు బస్తాలూ, చుట్టాలూ అందరూ దాని మీదనే వచ్చేవారు. ఇప్పుడు మీలో చాలామంది సైకిళ్ళకు అది లేదు. అంచేత ఈ నెల కేరియరును ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో చెబుతాను. ముందు మట్టుకు నాకు జరిగిన సంగతి ఒకటి వినండి.

అది 1970. భీమవరం దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాకు 12 ఏళ్ళు. నాన్నగారి నల్ల సైకిలు సీటు ఎక్కి తొక్కడం అప్పుడప్పుడే వచ్చింది. సంక్రాంతి ముందు సైకిలును తళతళలాడించాలని కేరియరు ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఆ కేరియరుకు కింద రెండు కాళ్ళు. వాటిని వెనక చక్రం ఇరుసుకు రెండు నట్లు పట్టి ఉంచేవి. పైన, సీటు కింది గొట్టాలకు ఒక పట్టీ, దానికి రెండు బోల్టులు. తిరిగి బిగించేటప్పుడు చూస్తే పైన ఉండవలసిన బోల్టు ఒకటి కనపడలేదు. మురుగుకాలవలో పడిపోయి ఉంటుంది.

కొత్తది కొనుక్కు రావాలంటే నాన్నగారికి చెప్పాలి. చెబితే చివాట్లు. "బరువంతా మోసేవి కింది కాళ్ళు గదా, పైన ఒకటి లేకపోతేనేం?" అనుకుని, ఆ చోట కట్టుతీగ రెండు చుట్లు చుట్టాను.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మా చెల్లెల్ని వెనక కూచోబెట్టుకుని కాలవ గట్టు మీద వెళుతున్నాను. దానికి ఏడేళ్ళు. గట్టంతా గతుకులు. తీగ పట్టు చాలక పైన మిగిలిన మూడో బోల్టు కూడా వదులై, ఎక్కడో ఊడిపోయింది. నేను చూసుకోలేదు. తీగ ఒక్కటే మిగిలింది. ఒక గతుకులో అది టప్పున తెగింది. కేరియరు వెనక్కు వాలిపోయింది. చెల్లెలు జారుతూ కాలు చక్రంలో పెట్టేసింది. మడమ కోసుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. నెల్లాళ్ళు అది బడికి పోలేదు.

నాన్నగారితో, "గోతిలో పడ్డాం," అని చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సైకిలు దగ్గరకు వెళ్ళి, తెగిన తీగ ముక్కను వేలితో కదిపి చూసి, "నాలుగో బోల్టు ఏదిరా?" అన్నారు. ఆ మాట ఈనాటికీ నాకు వినపడుతూనే ఉంది.

నా పొరపాటు ఏమిటో ఇప్పుడు ఆలోచించండి. బరువు మోసేవి కింది కాళ్ళే, నిజమే. కాని కాళ్ళు ఇరుసు దగ్గర తలుపు మడతబందుల్లాగా తిరగగలవు. పైన పట్టుకునేది లేకపోతే, బరువు ఇరుసుకు కాస్త వెనకగా పడగానే కేరియరు మొత్తం వెనక్కు తిరిగిపోతుంది. పై బోల్టులు బరువు మోయవు, కేరియరును తిరిగిపోనివ్వకుండా ఆపుతాయి. రెండు పనులూ జరిగితేనే కేరియరు నిలుస్తుంది.

దీన్ని చీపురుపుల్లలతో చూడవచ్చు. మూడు పుల్లలను కొసల దగ్గర దారంతో కట్టి త్రికోణం చెయ్యండి. నాలుగు పుల్లలతో చతురస్రం చెయ్యండి. ఒక్కొక్క దాన్ని మూల పట్టుకుని నెట్టండి. చతురస్రం ఒరిగిపోతుంది, త్రికోణం కదలదు. కేరియరును పక్కనుంచి చూస్తే కాలు ఒక భుజం, పైపలక ఒక భుజం, సైకిలు వెనక గొట్టం ఒక భుజం. అదొక త్రికోణం. పై బోల్టు ఊడితే త్రికోణం విడిపోయినట్టే.

ఇక కేరియరు కొనడానికి పోదాం. దుకాణానికి సైకిలును కూడా తీసుకుపోవాలి. మొదట వెనక ఇరుసు దగ్గర, ఫ్రేముకు చిన్న మరరంధ్రాలు ఉన్నాయేమో చూడండి. సీటు కింది గొట్టాల మీద కూడా చూడండి. చాలా సైకిళ్ళకు ఇవి 5 మిల్లీమీటర్ల బోల్టు పట్టేవిగా ఉంటాయి. ఉంటే అదృష్టమే. లేకపోతే గొట్టం చుట్టూ బిగించే క్లాంపులు దొరుకుతాయి. లోపల రబ్బరు ఉన్నవి తీసుకుంటే గొట్టం మీద రంగు పోదు, క్లాంపు జారదు.

వెనక స్ప్రింగు ఉండి, చక్రంతోపాటు ఫ్రేము కూడా కదిలే సైకిలుకు మామూలు కేరియరు పనికిరాదు. ఒక కొస కదిలేదానికీ, ఇంకో కొస కదలనిదానికీ బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. వెనక డిస్కు బ్రేకు ఉంటే, బ్రేకుకు తగలకుండా కాలు ఎడంగా ఉండే కేరియరు కావాలి.

సీటు కింది గొట్టాన్ని మాత్రమే పట్టుకుని, కాళ్ళు లేకుండా గాలిలో నిలిచే కేరియర్లు కూడా అమ్ముతారు. బిగించడం సులువు. కాని వాటికి త్రికోణం లేదు గదా! అవి సాధారణంగా 10 కిలోల లోపు బరువుకే. గతుకుల్లో పక్కకు తిరుగుతాయి కూడాను. బడిసంచీకి కాళ్ళున్న కేరియరే మేలు.

చాలా కేరియర్ల మీద అవి మోయగల బరువు ముద్రించి ఉంటుంది. 10, 18, 25 కిలోలని కనిపిస్తుంది. ముద్ర లేనిదాన్ని కొనకండి. 25 కిలోలన్నా అది సామానుకే, మనిషి కూచోవడానికి కాదు. గోతిలో పడ్డ క్షణాన 10 కిలోల సంచీ కూడా 10 కిలోలకన్న చాలా ఎక్కువగా నొక్కుతుందని మరవకండి.

బిగించేటప్పుడు పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. 5 మిల్లీమీటర్ల బోల్టు తల ఆరు పలకలుగా ఉంటే సాధారణంగా 8 నంబరు పానా పడుతుంది. తలలో ఆరు పలకల గుంట ఉంటే 4 నంబరు ఎలెన్ కీ. పిల్లలు చేసే పెద్ద తప్పు ఏమిటంటే, మొదటి బోల్టును గట్టిగా బిగించేసి రెండోదానికి పోవడం. అప్పుడు నాలుగో రంధ్రం ఎదురు రాదు. దాన్ని బలవంతాన వంచుతారు. అలా చెయ్యకండి. నాలుగు బోల్టులనూ వేళ్ళతో తిప్పి వదులుగా ఎక్కించండి. పైపలక సమతలంగా ఉందేమో, టైరుకూ పలకకూ మధ్య రెండు వేళ్ళు దూరుతున్నాయేమో చూడండి. తరవాతే ఒక్కొక్కదాన్ని కొంచెం కొంచెంగా బిగించండి. ప్రతి బోల్టు తల కిందా వాషరు ఉండాలి. చైను ఉన్న వైపు బోల్టు మరీ పొడుగైతే దాని కొస లోపలికి పొడుచుకువచ్చి చైనుకు తగులుతుంది. వెనక చక్రాన్ని పైకెత్తి పెడలు తిప్పి, అన్ని గేర్లలోనూ చూసుకోండి.

కొత్తగా బిగించిన బోల్టులు అదురుకు వదులవుతాయి. మొదటి రోజు ఇంటికి రాగానే ఒకసారి, వారం తరవాత ఒకసారి పానా వేసి చూడండి. ఆపైన నెలకొకసారి చాలు.

బరువు ఎక్కడ పెట్టాలన్నది కూడా లెక్కే. మీ సైకిలు రెండు ఇరుసుల మధ్య దూరం 100 సెంటీమీటర్లు అనుకోండి. 20 కిలోల మూటను వెనక ఇరుసుకు 25 సెంటీమీటర్లు వెనకగా కట్టారు. వెనక ఇరుసు తూగుడుబల్లకు ఆనుగా పనిచేస్తుంది. 20ని 25తో గుణించి 100తో భాగిస్తే 5. అంటే ముందు చక్రం మీద 5 కిలోల బరువు తగ్గిపోతుంది, వెనక చక్రం మీద 25 కిలోలు పడుతుంది. ముందు చక్రం తేలికైతే హాండిలు మాట వినదు. అంచేత మూటను వీలైనంత ముందుకు, ఇరుసుకు నేరుగా పైన కట్టాలి. అయితే పెడలు తొక్కేటప్పుడు మడమ దానికి తగలకూడదు. పాలవాళ్ళు క్యాన్లను కేరియరుకు రెండు వైపులా కిందుగా ఎందుకు వేలాడదీస్తారో చూశారా? బరువు కిందికి ఉంటే సైకిలు అంతగా తూలదు, రెండు వైపులా సమంగా ఉంటే ఒక పక్కకు లాగదు.

తాడు కొసలూ, సంచీ పట్టీలూ, ఓణీ చెంగులూ చక్రంలోకి వేలాడనివ్వకండి. వెనక ఎర్ర అద్దం సంచీ చాటున పడకూడదు. చీకట్లో మిమ్మల్ని లారీవాడికి చూపించేది అదే.

పెద్దలకు ఒక మాట. పసిపిల్లలను వట్టి కేరియరు మీద కూచోబెట్టకండి. సైకిలుకు సరిపడే పిల్లల సీటు, కాళ్ళు చక్రంలో పడకుండా అడ్డు ఉన్నది కొని బిగించండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ పిల్లవాడు ఏదైనా పోగొట్టి, పాడుచేసి వస్తే, ఆ సంగతి మీతో చెప్పడానికి జంకేటట్టు మట్టుకు ఉండకండి. చివాట్లకు భయపడే నేను ఆ రోజు తీగ చుట్టాను.

మొన్న ఆదివారం మనవడూ నేనూ కూచుని కేరియరు బిగించాం. వాడే బిగించాడు, నేను పానా అందించాను. ఆ వేళకు మా చెల్లెలు వచ్చింది. దానికి ఇప్పుడు 60 దాటాయి, మడమ మీద మచ్చ మట్టుకు అలాగే ఉంది. అది కేరియరును చేత్తో పట్టుకుని ఊపి చూసి, "నాలుగూ ఉన్నాయా?" అని అడిగింది. మనవడికి అర్థం కాలేదు. వేలు పెట్టి లెక్కపెట్టి, "ఉన్నాయి మామ్మా," అన్నాడు.

ఈ ఆదివారం మీరు కూడా మీ ఇంట్లో సైకిలు కేరియరును ఊపి చూడండి. ఎన్ని చోట్ల బిగించి ఉంది? వాటిలో ఎన్ని వదులుగా ఉన్నాయి? ఎక్కడైనా తీగ చుట్టి ఉందా? చూసినది చూసినట్టు నాకు రాయండి. వచ్చే నెల బ్రేకుల సంగతి చెప్పుకుందాం.