పహణీలో పేరుంటేనే రైతా?

2020లో ఉగాది, లాక్‌డౌన్ మొదటిరోజు ఒక్కటే అయ్యాయి. మార్చి 25. పండక్కీ పెళ్లిళ్లకీ అని పెంచిన చేమంతి, గులాబీ చెట్టు మీదే వాడిపోయాయి. చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో పూలు కొనే నాథుడు లేడు.

మే నెలలో కర్ణాటక సర్కారు పూలరైతుకు హెక్టారుకు 25 వేల రూపాయలు ప్రకటించింది. అదీ ఒక్క హెక్టారు వరకే. అంటే ఎకరాకు 10 వేలు. మళ్లీ 2021లో కరోనా ముంచుకొస్తే పూలకు హెక్టారుకు 10 వేలే అన్నారు. ఎకరాకు 4 వేలు!

ఎంత ఇచ్చారన్నది ఒక మాట. ఎవరికి అందిందన్నది అసలు మాట. సాయం భూమి రికార్డు చూసి నడిచింది. కేంద్రం వేసిన పీఎం కిసాన్ 2 వేలూ భూమి ఉన్నవారికే. మరి కౌలుకు దున్నినవాడి గతేంటి? 1974 సవరణతో కర్ణాటకలో కౌలు రద్దయింది. అది కాగితం మీద. ఊళ్లలో నోటిమాట మీద నడుస్తూనే ఉంది. విత్తనం, ఎరువు, కూలి, అప్పు అతనివి. పహణీలో పేరు మాత్రం ఇంకొకరిది.

పక్కనే ఆంధ్రలో 2019లో చట్టం చేసి కౌలురైతుకు 11 నెలల కార్డు పెట్టారు. దానికీ యజమాని సంతకం కావాలన్నారు. అక్కడే చిక్కొచ్చింది.

పంట సర్వేకి వచ్చినవాళ్లు పొలంలో ఎవరు కష్టపడుతున్నారో ఆ పేరు కూడా రాసుకోవాలి. భూమి హక్కు జోలికి పోనక్కర్లేదు. నష్టపోయినవాడికి నష్టపరిహారం అందితే చాలు. మళ్లీ ఆపద వచ్చాక వెతికితే ఆ పేరు దొరకదు.